పేరు కింద వత్తు

“వత్తు మరిసిపోకే.”

“మరిసిపోన్లే, నువ్ బేగి ఎల్లు.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. ఆయన సైకిలెక్కి పోర్టుకి వెళ్ళాడు, పొద్దుటి షిఫ్టుకి. మధ్యాహ్నం అక్కణ్ణుంచి మనిషి వచ్చాడు. పని మీదే గుండె ఆగిపోయిందన్నారు. మరిచిపోనని నేనన్నది అబద్ధం. ఆ వత్తు నాకప్పటికి రానే రాదు.

ఇది రాస్తున్నది మా చెల్లెలి కూతురు. పంతులమ్మ ట్రైనింగు చదువుతోంది. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, ఎందుకు నేర్చుకోలేకపోతారు అని దాని పుస్తకంలో పెద్ద పాఠముందట. “దొడ్డమ్మా, నువ్వెలాగ నేర్సుకున్నావో సెప్పు, రాసుకుంతాను” అంది. చెబుతున్నాను.

చిన్నప్పుడు ఊళ్ళో బడికి వెళ్ళింది ఒక్క వర్షాకాలం. పలక మీద తప్పు రాస్తే మేష్టారు వేళ్ళు బోర్లా పెట్టించి బెత్తంతో కొట్టేవారు. నా పేరులో రెండో అక్షరం కింద వత్తు ఉంది. అక్కడికొచ్చేసరికి నా వేళ్ళు ముడుచుకుపోయేవి, దెబ్బ పడకముందే. బడి మానేశాను. పెళ్ళయి పోర్టు పక్కన మల్కాపురం వచ్చాక కూడా బలపం కనపడితే వేళ్ళు ముడుచుకునేవి.

మా ఆయన అది కనిపెట్టాడు. పలక కొనలేదు, కాగితం ఇవ్వలేదు. పోర్టులో దింపే ఇనుపరాయి దుమ్ము ఎగిరొచ్చి మా అరుగు మీద ఎర్రగా పేరుకునేది. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ పొర. అందులో వేలితో అక్షరం గీసేవాడు.

“ఇలాగ రాయీ.”

“తప్పయిపోద్ది.”

“అయితే ఏటైపోద్ది? తుడిసీ. మనకి దుమ్ముకేటి కొదవ, రైలు పెట్టెల కొద్దీ దిగతాది!”

నవ్వొచ్చేది. అరచేత్తో తుడిచేస్తే తప్పు ఇంకెక్కడా ఉండేది కాదు. అక్షరం కుదిరితే పక్కింటావిడకి వినపడేట్టు, “మా ఇంటిది కలెక్టరయిపోతాది!” అని కేకేసేవాడు. ఆ కేక కోసమే ఇంకోటి నేర్చుకునేదాన్ని. చివరికి మిగిలింది వత్తొక్కటే.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని అందరూ చెప్పుకునే రోజులవి. ఆయన పోయిన మూడో నెల పోర్టు ఆఫీసుకి రమ్మన్నారు. ఆయన బదులు నాకు ఊడ్చే పని ఇస్తారట. అది రాకపోతే పోర్టువాళ్ళు ఆయనకిచ్చిన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇద్దరు ఆడపిల్లలతో ఎక్కడికి వెళ్ళను?

గుమస్తా కాగితం నా ముందుకి తోశాడు.

“ఏలిముద్ర కుదరదమ్మా. రోజూ గేటుకాడ సంతకం ఎట్టాల. పేరు రాసి సూపించు.”

కలం పట్టుకున్నాను. వేళ్ళు ముడుచుకుపోయాయి. కాగితం మీద పడ్డ తప్పు తుడిస్తే పోదు. వీపు వెనక మేష్టారు నిలబడ్డట్టే ఉంది. వచ్చిన అక్షరాలు కూడా ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఒచ్చా, రాదా?”

“ఒచ్చు బాబూ” అన్నాను. మా ఆయనకి చెప్పిన అబద్ధమే.

తలెత్తలేక బల్ల అంచు చూస్తున్నాను. అక్కడ ఎర్రటి దుమ్ము, మా అరుగు మీద పడేదే. కలం కింద పెట్టి వేలితో గీశాను. మొదటి అక్షరం. రెండోది. వత్తు తిరగబడింది. తుడిచేశాను.

“ఏటమ్మా, అప్పుడే బల్ల తుడిసెత్తన్నావు? పనింకా ఇవ్వనేదు!”

వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒకచోట దుమ్ము అయిపోతే పక్కకి జరిగి గీశాను. నాలుగోసారికి వత్తు నిలబడింది. గుమస్తా లేచి వంగి చూశాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

“అదే కాయితం మీద రాసీ అమ్మా.”

రాశాను. వత్తు అక్షరం కన్నా పెద్దదయింది. పని ఇచ్చారు. పిల్లలిద్దరూ ఆ క్వార్టర్లోనే పెరిగారు.

భయం పోయిందని మాత్రం రాయకే పిల్లా. ఇప్పటికీ గేటు దగ్గర రిజిస్టరు తెరిచేసరికి వేళ్ళు ముడుచుకోబోతాయి. ముందు చీర మీద వేలితో ఒకసారి గీసుకుంటాను, తరువాతే కలం. ఏదో ఒక రోజు వత్తు రాదని, వెనక్కి పొమ్మంటారని.

నువ్వూ రేపు పిల్లల ముందు నిలబడతావు. బెత్తం ముట్టుకోకు.

రాసీసేవా? అయితే మొదట్నుంచి ఓపాలి సదువు, ఇంతాను. మీ పెదనాన్న మాట కాడ బేగి సదివీకు.