ఫ్రిజ్‌లో మామ్మగారి పాలప్యాకెట్టు

మా ఇంటి మామ్మగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చుని అలాగే కన్నుమూశారు. పని సగంలో వదిలేసేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. గ్లాసు కడిగి మరీ పోయారని మేమంతా ఏడుస్తూనే నవ్వుకున్నాం.

అమలాపురంలో ఆవిడకి వరసగా నాలుగు గదులున్నాయి. మొగుడి దెబ్బలు పడలేక బయటికొచ్చిన ఆడవాళ్ళకే అద్దెకిచ్చేవారు. సహాయ కేంద్రంలో కొన్నాళ్ళు తలదాచుకోవచ్చు, బాగానే చూస్తారు. ఆ తరవాతో? ఒంటరి ఆడది ఇల్లు అడిగితే ఇంటివాళ్ళ మొదటి ప్రశ్న "మీవారేం చేస్తారండీ?" అని. ఏం చేస్తారని చెప్పను, కొడతారని చెప్పనా? అలా ఊరంతా తిరిగి తిరిగి, బట్టల సంచీతో మామ్మగారి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి అడిగిన ప్రశ్న వేరు.

"పాలు తెచ్చుకున్నావా అమ్మా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈవిడ కాఫీకి పాలు కూడా నేనే తేవాలా! "లేదండి" అన్నాను విసురుగా.

"ఆయ్, నాకు తెలుసులే. కట్టుబట్టలతో వచ్చినోళ్ళకి పాలెక్కడ గుర్తుంటాయి?" అంటూ ఫ్రిజ్‌లోంచి ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టారు. ఖాళీ గదిలో స్టవ్వు వెలిగించి నాచేత పాలు పొంగించారు. కొత్తింట్లో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన నిలబడి పొంగించే పాలు, నేనొక్కదాన్నే పొంగించాను. పాలు స్టవ్వంతా కారిపోతుంటే గుడ్డ కోసం వెతికాను.

"ఉండనీ. ఇవాళ తుడవకూడదు. పాలు పొంగించినావిడే ఇంటావిడ. ఇకమీదట ఈ గదిలోకి నేనైనా అడిగే రావాలి."

మాటకేం అనుకున్నాను. నిజంగానే అడిగేవారు! తలుపు బార్లా తీసున్నా సరే, గడప బయటే ఆగి, తన మనవరాలి వయసు దాన్ని, "రావచ్చా అండీ?" అనేవారు. ఏడేళ్ళ కాపురంలో ఏ తలుపు దగ్గరా నన్నెవరూ అడగలేదు. మొదటిసారి ఆ మాట విని భోరున ఏడ్చేశాను.

ఫ్రిజ్‌లో ఒక పాలప్యాకెట్టు ఎప్పుడూ ఉండాలి. చుట్టాలొచ్చినా, కాఫీకి లేకపోయినా దాని జోలికి వెళ్ళకూడదు. రోజూ కొత్తది పెట్టి, పాతది తోడుపెట్టేవారు. మా గదులన్నిటికీ పెరుగు లోటు లేకుండా జరిగిపోయేది.

ఒకరోజు మా ఆయన రాజోలు నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని దిగాడు. మామ్మగారు బెండకాయలు తరుగుతూ, "రండి రండి, కూర్చోండి, కాఫీ పుచ్చుకుంటారా?" అని మర్యాదలు మొదలెట్టారు. నేను లోపల గదిలో కిటికీ పక్కన నక్కి వింటున్నాను.

"మా ఆవిడని పంపండి" అన్నాడు.

"నేనెలా పంపుతానండీ? గది ఆవిడది. ఆవిడే పాలు పొంగించుకుందండి." కిటికీ వైపు తిరిగి, "ఏమ్మా, వీరొచ్చేరు. చూస్తావా?" అని అడిగారు.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చూడనండి."

"చూడదటండి. కాఫీ చల్లారిపోతోంది, తాగెయ్యండి."

ఆయన గొంతు పెంచాడు. మామ్మగారు వేలు పెదవుల మీద పెట్టుకుని, "నెమ్మదిగా బాబూ! పక్కింటి ఎస్సైగారు డ్యూటీ నుంచొచ్చి ఇప్పుడే పడుకున్నారు" అన్నారు. పెద్దమనుషులు కాఫీ గటగటా తాగేసి ఆయన్ని లాక్కుపోయారు. మా పక్కన ఉన్నది ఖాళీ స్థలం, అందులో నాలుగు కొబ్బరిచెట్లు.

ఇదంతా ఎందుకు చేస్తారని ఓసారి అడిగాను. "ఒకప్పుడు నాకూ ఎవరో అరుగిచ్చేరమ్మా. అరుగే ఇచ్చేరు, తలుపివ్వలేదు" అని బెండకాయల్లోకి తల దించేసుకున్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మామ్మగారు పోయిన కబురు విని, కువైట్‌లో పని చేసుకునే ఆవిడ కూతురుగారు వచ్చారు. "ఇల్లు అమ్మాలో ఉంచాలో తేల్చుకోలేదండి. అందాకా కొత్తవాళ్ళని చేర్చుకోకండేం" అన్నారు నాతో. తప్పేముంది? అయినా ఖాళీగా ఉన్న నాలుగో గది వైపు చూడలేకపోయాను.

ఇంట్లో ఇంకా మైల తీరకుండానే, మామిడికుదురు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో పాప, మోచేతి దాకా కమిలిన చెయ్యి. నేను నోరు తెరిచేలోగా కూతురుగారు లేచారు. ఆ చెయ్యి చూశారు. దగ్గరికెళ్ళి అడిగారు.

"పాలు తెచ్చుకున్నావా అమ్మా?"

ఆ అమ్మాయి బెదిరిపోయి తల అడ్డంగా ఊపింది. నేను ఆగలేక, "మైల కదండీ, పొంగించొచ్చా?" అన్నాను.

"మైల మాకండి. ఆవిడకేంటి?" అంటూ ఫ్రిజ్ తెరిచారు. ప్యాకెట్టు ఉంది. మామ్మగారు పోయిన దగ్గర్నుంచీ రోజూ మారుస్తున్నది నేనే. కూతురుగారు నా వైపు చూసి నవ్వేశారు.

నాలుగో గదిలో పాలు పొంగాయి. పాప చప్పట్లు కొట్టింది. పంచదార తెస్తానని వెళ్ళిన కూతురుగారు డబ్బాతో తిరిగొచ్చారు. తలుపు తీసే ఉంది. ఆవిడ గడప బయటే ఆగిపోయారు.

"రావచ్చా అండీ?"

ఎవరిని అడుగుతున్నారోనని ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.