తొట్లకొండ మీద తొందరపడిన ఆమెన్

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. గాజువాక మార్కెట్లో నేను కొన్న వంకాయ ఇంటికి చేరేసరికి గుమ్మడికాయ అవుతుంది. కాబట్టి ఇది చదివి తొట్లకొండకు బయల్దేరేవాళ్లు దూరాన్నీ, ఎండనూ, బస్సులో రద్దీనీ సగానికి తగ్గించుకోండి. భయాన్ని మాత్రం తగ్గించకండి. అది నేను రాయగలిగినదానికన్నా ఎక్కువే.

ప్రయాణానికి కారణం మా ఆవిడ కరుణ మెడ మీద లేచిన గడ్డ. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి కరుణకు ప్రార్థన ఆగిపోయింది. మామూలుగా మా చర్చిలో ఆమె ప్రార్థన అందుకుందంటే పోర్టులో ఓడలకూ, స్టీల్ ప్లాంటులో అన్ని షిఫ్టులకూ పేరుపేరునా దీవెనలు అందాల్సిందే. అలాంటి మనిషి ఇప్పుడు మోకాళ్లూని "ప్రభువా" అంటుంది. తర్వాతి మాట రాదు.

"నోరు తెరిస్తే రిపోర్టే వస్తోందండీ," అంది.

తగరపువలసలో ఉండే ఒక కథోలిక సిస్టరుగారి గురించి ఎవరో చెప్పారు. ఆవిడ బౌద్ధ భిక్షువుల దగ్గర ఊపిరిని గమనించడం నేర్చుకుని, దాన్ని తన ప్రార్థనలో కలుపుకున్నారట. కొన్ని శనివారాలు కొందరిని, ఒకప్పటి బౌద్ధారామం ఉన్న తొట్లకొండ మీద కూర్చోబెడతారట. కరుణ వెళ్తానంది. నేనేమో సంఘ పెద్దను. పాస్టరుగారికి తెలిస్తే ఆదివారం ప్రసంగమంతా నా మీదే నడుస్తుందని వణికాను.

"మీరు రాకపోయినా పర్లేదు. నాకు ఊపిరాడాలి," అంది కరుణ. బయల్దేరాను.

శనివారం తెల్లవారుతూనే గాజువాకలో బస్సెక్కి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, టిఫిన్ చేశాం. ఆ ఇడ్లీకి తాడు కడితే ఓడకు లంగరుగా పనికొస్తుంది. కరుణ ఒకటి కొరికి ప్లేటు నావైపు తోసింది. భయమేస్తే నాకు ఆకలి రెట్టింపవుతుంది. ఆమె వంతూ తిన్నాను.

ఏడింటికి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే భీమిలి బస్సు దొరికింది. సముద్రం చూడాలనుకుంటే కుడివైపు కూర్చోండి. దారిలో ఒక పెద్దావిడ చేపల గంపతో ఎక్కింది. గంప బరువు చూస్తే లోపల తిమింగలం పిల్ల ఉండి తీరాలి. కరుణ కళ్లు మూసుకుని, విన్నంతలో ఊపిరి సాధన మొదలెట్టింది. పెద్దావిడ కాసేపు చూసి ఉండబట్టలేకపోయింది.

"ఏటమ్మా, అలాగ కళ్లు మూసేసుకున్నావు? నా సేపల వాసనకి కడుపులో తిప్పుతందా?"

"కాదమ్మా. ఊపిరి చూసుకుంటున్నాను."

"ఊపిరి సూసుకోడమేటి! ఉన్నాదో నేదో అనా?"

బస్సంతా నవ్వింది. కరుణ కూడా నవ్వింది. నేను మాత్రం ఉన్న రెండు టికెట్లనూ మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

తొట్లకొండ మలుపులో దిగి, పైకి ఆటో మాట్లాడుకున్నాం.

"పైకెళ్లి ఏటి సేత్తారు సార్? షూటింగేటి?" అన్నాడు ఆటో అతను.

"ప్రార్థన."

"బుద్దుడి కాడ యేసు పాటలా?"

"పాటలు లేవు. మాట్లాడకుండా కూర్చుంటాం."

"అయితే మా మావగోర్ని తీసుకొత్తాను సార్. ఆయనకి తప్పకుండా నేర్పించండి."

పైన ఇటుకల స్తూపం, భిక్షువులు ఉండిన గదుల పునాదులు, కింద సముద్రం. చెట్టు నీడలో పదిమందిదాకా చేరారు. సిస్టరుగారికి అరవై దాటి ఉంటాయి, ఊరికే నవ్వుతారు.

"సిస్టర్, మనవాళ్లు ఇలా చేయొచ్చా?" అన్నాను.

"ఊపిరి బిగబట్టి అడుగుతున్నారు బ్రదర్. ముందు వదలండి," అన్నారు.

తర్వాత అందరితో చెప్పారు. "ఇక్కడ భిక్షువులు ఊపిరిని గమనిస్తూ కూర్చున్నారు. మనమూ అదే చేద్దాం. లోపలికి వచ్చేటప్పుడు 'ప్రభువా'. బయటికి వెళ్లేటప్పుడు 'నీ దయ'. తర్వాత ఆ మాటలు కూడా తగ్గిపోతే తగ్గిపోనివ్వండి. గంట కొట్టేదాకా కదలొద్దు."

ఇక్కడ మా చర్చి పద్ధతి చెప్పాలి. మా దగ్గర మౌనమంటే ఎవరో మాట మరిచిపోయారని అర్థం. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే సంఘ పెద్ద "ఆమెన్" అని ప్రార్థనకు మూత పెట్టాలి. ఏళ్ల తరబడి ఆ మూత నాదే.

కళ్లు మూసుకున్నాను. మేకపిల్లంత చీమ కాలు మీదికెక్కింది. దాన్ని దులపలేను. సోమవారం కౌంటరు దగ్గర కాగితం తీసుకునే చెయ్యి నాదా, ఆమెదా? ఎవరు ముందు చదవాలి? సగం ఆయుష్షు అక్కడే కరిగిపోయింది. మౌనం సాగింది, సాగింది. అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఆమెన్!"

సముద్రం మీద ఓడలవాళ్లు కూడా టోపీలు తీసి ఉంటారు. పావురాలు ఎగిరిపోయాయి. గంట ఇంకా కొట్టలేదు. అందరూ కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు.

"ఆ ఆమెన్ ఎవరి ప్రార్థనకు బ్రదర్?" అన్నారు సిస్టరు.

నేను కాలి మీది చీమను దులుపుకున్నాను. పక్కనుంచి కరుణ అంది.

"నాదేనండి. లోపల అడిగేశాను, సోమవారం నా చెయ్యి వదలొద్దని. ఎలా ముగించాలో తెలీక ఆగాను. ఈయన ముగించారు."

సిస్టరుగారు గంటను ఒళ్లోకి తీసుకున్నారు. "సరే, మళ్లీ కూర్చుందాం. ఈసారి ముగించే పని నాది," అన్నారు.

మధ్యాహ్నం బీచ్ రోడ్డు పక్కన చేపల పులుసుతో భోజనం. కరుణ తన అన్నం తిని, నా పళ్లెంలోంచి ముక్క కూడా తీసుకుంది. నేను అడ్డుపెట్టలేదు. రెండింటికి తిరుగు బస్సు. భయం కూడా మాతోనే ఎక్కింది. కాకపోతే పొద్దున్న మా ఇద్దరి మధ్య కూర్చున్నది, ఇప్పుడు వెనక సీట్లో కూర్చుంది. రిపోర్టు ఇంకా సోమవారమే. కరుణ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. వెళ్లేవాళ్లు నీళ్లూ, టోపీ పట్టుకెళ్లండి.

ఇక నేను కల్పించిన సంగతి. ఇడ్లీనీ చీమనూ మీరు ఈపాటికే తగ్గించుకుని ఉంటారు. అవి కాదు. అలవాటు కొద్దీ నోరు జారిందని రాశాను చూడండి, అది అబద్ధం. అక్కడ నేను నా ఊపిరి చూసుకోలేదు. పక్కన కరుణ ఊపిరి వింటూ కూర్చున్నాను. అది నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఒకచోట వినబడలేదు. కళ్లు తెరిచి చూసే ధైర్యం చాలలేదు. ఆమెను పేరుపెట్టి పిలుద్దామనే నోరు తెరిచాను. వచ్చిన మాట అది.