పెన్‌పహాడ్‌కు పక్కనే

కోదాడలో మా బాబాయికి గొర్రెలు, మేకల మందుల దుకాణం ఉంది. వాళ్లింట్లోనే ఉండి డిగ్రీ చదువుకుంటున్నాను కాబట్టి, దుకాణం వెబ్‌సైట్‌కు రాసే పని నాది. నెట్‌లో ఏ ఊరివాళ్లు మందుల కోసం వెతికినా మన పేరే ముందు రావాలని బాబాయి ఊరికో పేజీ రాయిస్తున్నాడు. పెన్‌పహాడ్ పేజీలో మా దుకాణం 'పెన్‌పహాడ్ సమీపంలో' ఉందని మొదట రాశాను. అది ఆఫీసు కాగితంలా అనిపించి 'పెన్‌పహాడ్‌కు పక్కనే' అని మార్చాను. ఆ మాట చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

ఈ మధ్యాహ్నం ఒక పెద్దాయన తువ్వాలలో చుట్టిన గొర్రెపిల్లతో వచ్చాడు. అది తల ఎత్తడం లేదు.

"మా కోడలు ఫోన్ల సూసి పక్కనే అన్నది. సూర్యాపేట దాటి, రెండు బస్సులు మారొచ్చిన. గాడ దుకాణాలు లేవా? పక్కనే అని రాసిందెవలు బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "నెట్‌లో అట్లనే చూపిస్తది పెద్దన్నా. ముందు మందు తాపు."

ఆయన మెట్ల మీద కూర్చుని మందు తాగిస్తుంటే నేను పిల్ల దవడ పట్టుకున్నాను. సగం మింగింది, సగం కక్కింది. "సల్లగుండు బిడ్డా" అని నన్ను దీవించి వెళ్లాడు.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "చూసినవా, మన పేజీ పనిచేస్తున్నది! ఇగ మిర్యాలగూడకు రాయి. ఆ 'పక్కనే' మాత్రం తియ్యకు, మంచిగుంది."

నా రాతను ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. 'మిర్యాలగూడకు' అని టైపు చేసి ఆగిపోయాను. కోదాడ నుంచి అక్కడికి ఎంత దూరమో తెలిసినవాళ్లు కింద కామెంట్లలో రాయండి, బాబాయికి చూపిస్తాను.