సోమశిల రేవులో మేకల పడవ

ఒక్క ఫోటో కోసం రేవునంతా ఆగమాగం చేసిన ఘనత నాది. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా చిన్నమ్మ ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది గద్వాల, మగ్గాల ఇల్లు. అప్పట్లో కొత్త ఫోను కొనుక్కుని సోమశిల దగ్గర చిన్నమ్మ ఇంటికి పోయాను. ఎర్రటి పొద్దు ముందు నల్లగా సాగిపోయే సరుకు ఓడల ఫోటోలు చూసి నాకు మతి పోయి ఉంది. మన కృష్ణలో ఓడలెక్కడివి? ఉన్నదల్లా బస్తాలనూ మేకలనూ అవతలి ఒడ్డుకు చేరవేసే మర పడవ. నా కంటికి అదే ఓడ. పొద్దుగూకే వేళ చిన్నమ్మను వెంటేసుకుని ఒడ్డున నిలబడ్డాను.

పడవ నిండా మేకలు. తెల్లారితే అవతల సంత. పొద్దు నీళ్లను తాకబోతుంటే, పడవేమో బస్సు తప్పిపోతున్న మనిషిలా ఉరుకుతోంది. కాస్త మెల్లగా పొమ్మని చేతులు ఊపాను. చాలదనిపించి ఎర్ర చున్నీ తీసి ఊపాను. పడవ గిర్రున నా వైపు తిరిగింది. ఫోనులో అది పెద్దదవుతుంటే, నా తెలివి చూడండి, ఎంత సంతోషపడ్డానో.

ఒడ్డు బురదలో దిగబడి ఆగింది. పడవ నడిపేవాడు రొప్పుతూ దూకాడు.

"ఏమైందమ్మ? ఎవరన్న నీళ్లల్ల పడ్డరా?"

"లేదన్న. జర మెల్లగ పోతే ఫోటో మంచిగ వస్తదని."

అతను నా వైపు చూశాడు. తర్వాత చిన్నమ్మ వైపు చూశాడు. చిన్నమ్మ నేనెవరో తెలియనట్టు నది వైపు చూసింది. ఈలోగా మేకలన్నీ దూకి పక్కనున్న పల్లి చేనులో పడ్డాయి.

ఇక చూడండి నా పరుగు. చెప్పులు బురద మింగింది, చున్నీని ఒక మేక నమలసాగింది. మేకల యజమాని పడవలో నిలబడి, మసక చీకట్లో అందినదాన్ని అందినట్టు లోపలికి లాక్కుంటున్నాడు. చివరగా ఒక నల్ల మేక చేను గట్టున మొండికేసింది. నేను కొమ్ములు పట్టి లాగితే, అది నన్నే వెనక్కి లాగింది. చిన్నమ్మ వెనక నుంచి నెట్టింది. ఎట్లాగో ఎక్కించాం. తలా ఒక చెయ్యి వేసి పడవను బురదలోంచి తోశాం.

పడవ నది నడుమకు చేరేసరికి చిన్నమ్మ పక్కింటి పెద్దాయన తాడు పట్టుకుని వచ్చాడు.

"బిడ్డా, మా నల్ల మేకను గీ గట్టు మీదనే ఇడిసిన. చూసినవా?"

అది అంతగా ఎందుకు రానందో నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు మొదటి పడవలో మేక క్షేమంగా తిరిగొచ్చింది. దిగగానే నన్ను చూసి చిన్నమ్మ వెనక దాక్కుంది. కృష్ణమ్మ సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: పడవ పోతుంటే చేతులు కట్టుకుని నిలబడతాను, మేక రానంటే, దాని మాట వింటాను.