మిద్దె మీది తెల్ల పంచెలు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నవ్వు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మాట మార్చేస్తాను. ఉపగ్రహాల దారులు లెక్కగట్టడం నా ఉద్యోగం. అయినా ఈ సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది ప్రొద్దుటూరు. ఇంటి నుంచే పని చేస్తాను. ఎక్కడైనా వరదొస్తే ఆ చోటు ఫోటో తీయమని మా కంపెనీకి కబురొస్తుంది. ఉపగ్రహం అటువైపు త్వరగా వెళ్లాలంటే దాని చిన్న ఇంజన్‌ను కాసేపు మండించి దారి మార్చాలి. ఎప్పుడు, ఎంతసేపు అన్నది నేను తేల్చాలి. పైన ఇంధనం మళ్లీ నింపలేం కాబట్టి ఊరికే కదిలించం.

మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామ జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఒక్కడే ఉండేవాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీంచి దించని మనిషి. ఉపగ్రహం మా వైపు వచ్చే రోజు నన్నడిగి కనుక్కుని, మిద్దె మీద రెండు తెల్ల పంచెలు పక్కపక్కనే పరిచి, మూలలకు రాళ్లు పెట్టేవాడు. సాయంత్రం ఫోన్ చేసేవాడు.

“ఈ పొద్దన్నా కనపడినానా పాపా?”

“ఎవరూ అడగందే కెమెరా తియ్యదు మామా.”

“అడిగే రోజు రాకపోతాదా? నేనైతే పరుస్తానే ఉంటా.”

ఊళ్లోవాళ్లు ఆటపట్టించినా మానలేదు.

ఆ ఏడు వానలకు పెన్న పొంగింది. దారులు తెగిపోయాయి, మామ ఫోన్ పలకడం మానేసింది. మరునాడు ఆ నది వంపు ఫోటో కావాలని అధికారులే అడిగారు. వెంటనే లెక్క వేశాను. ఇంజన్ మండింది, దారి జరిగింది. ఆపై రోజు పొద్దున ఉపగ్రహం ఆ ఊరి మీదుగా పోయింది.

ఫోటో నిండా మబ్బే. ఒక్క సందులో మాత్రం మామ వీధి కనిపించింది. చుట్టూ బురదనీళ్లు. మధ్యలో మిద్దె, దాని మీద తెల్లగా, నలుచదరంగా పంచెలు. అమ్మను కేకేశాను.

“ఉండాడు, నా తమ్ముడు ఉండాడు,” అని అమ్మ స్క్రీన్‌ను చేత్తో తడుముతూ ఏడ్చింది.

ఆ గుర్తు చూసి పడవ పంపారు. తమ్ముడికి ఇష్టమని అమ్మ సంగటి కెలికింది. మధ్యాహ్నం పడవలో పోయినాయన ఫోన్ చేశాడు.

“మిద్దె యాడుందమ్మా? నీళ్లొచ్చిన రాత్రే కూలిపాయ. మీ మామ దాని కిందనే ఉండాడు. పక్కింటోళ్లు బడి మిద్దెక్కి ఆడనుంచి చూసినారంట.”

సంగటి గిన్నెలోనే చల్లారిపోయింది.

ఫోటో తీసిన సమయం మళ్లీ మళ్లీ చూశాను. తప్పు లేదు, మిద్దె కూలాక తీసిందే. పాత ఫోటో కలిసిందనడానికి పాతదే లేదు, ఆ ఊరిని మేం అంతకుముందు ఎప్పుడూ తీయలేదు. తోటి ఇంజనీర్లు నీళ్ల మీది నురగన్నారు, రేకుల షెడ్డన్నారు. మరి కూలిన మిద్దె ఫోటోలో ఎలా ఉందంటే మాట మార్చేశారు. మట్టి తీసినప్పుడు రెండు పంచెలూ ఆయన ట్రంకుపెట్టెలో మడతపెట్టి ఉన్నాయి.

ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. దయ్యమంటారా, మా మామను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఉపగ్రహం ఇంకా తిరుగుతూనే ఉంది. అది మా వైపు వచ్చిన రోజు సాయంత్రం ఫోన్ మోగితే ఎవరిదో చూడకుండానే ఎత్తుతాను. ఆయన అన్నాళ్లు అడిగిన మాటకు ఇప్పుడు నా దగ్గర జవాబుంది.

కనపడినావు మామా.