చదివి వినిపించమన్న ఆమె

మా సార్ దగ్గర జూనియర్‌గా చేరి నాలుగో ఏడు. సిద్దిపేటలో ఆయన బ్యాంకుల లాయరు. సాక్షిని బోనులో నిలబెట్టి చెమటలు పట్టించే పని మా ఆఫీసులో ఉండదు. లోన్ అడిగినవాళ్ల ఇంటి కాయితాలు వస్తాయి. ఆ ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చూసి, తాకట్టు పెట్టుకోవచ్చో లేదో నేను రాస్తాను, కింద సార్ సంతకం పెడతాడు. పొద్దంతా జిరాక్సులు చూసి కళ్లు మండుతాయి. మా బాపు ఇప్పటికీ అడుగుతాడు, "నల్లకోటు కుట్టిచ్చిన గదా బిడ్డా, జడ్జి ముంగట ఎప్పుడు మాట్లాడ్తవ్?" అని. కోటు మేకుకు వేలాడుతోందని చెప్పలేక, మాట్లాడుతూనే ఉన్నానంటాను.

ఆ ఎండాకాలం విసుగు ముదిరి, మానేద్దామనే అనుకున్నాను. ఫైలులో పేర్లుంటాయి గానీ మనుషులుండరు. ఎవరి కోసం చేస్తున్నానో తెలియని పని ఎంత బాగా చేసినా ఒంటికి పట్టదు.

మనుషులు కనపడేది బ్యాంకులో సంతకాల రోజునే. బ్యాంకు కాయితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు రానివాళ్లు సంతకం పెడితే, తెలుగులో చదివి వినిపించి అర్థం చేయించామని కింద ఒక ముక్క రాయాలి. ఆ రాత నాది. చదవమని మాత్రం ఎవరూ అడగరు. ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తాం, వాళ్లు పెడతారు, చాయ్ తాగి పోతారు. మేనేజరుకు తొందర, లోన్ తీసుకునేవాళ్లకు అంతకంటే తొందర.

ఒకరోజు ఒక పెద్దామె వచ్చింది. భర్త పోయినామె. చిన్నకోడూరులో సిమెంటు దుకాణం పెట్టుకున్న మరిది, దాన్ని పెద్దది చేయడానికి లోన్ అడిగాడు. ఆమె హామీగా జమానతు ఉండి, తన ఇల్లు తాకట్టు పెట్టాలి. ఆమెకు ఉన్నదల్లా ఆ ఇల్లే, ముందర కిరాయికిచ్చిన ఒక షట్టరుతో సహా. పెన్ను అందించాను. తీసుకోలేదు.

"ముందుగాల చదువు బిడ్డా. గిండ్ల ఏమున్నదో."

"గవన్నీ బ్యాంకోళ్ల రాతలు వదినా, మనకెందుకు" అన్నాడు మరిది.

"సంతకం నాది గదా" అందామె.

తెలుగు చేస్తూ చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలకే నాకే అర్థం కాని తెలుగు వచ్చింది. కాయితం పక్కన పెట్టి, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను.

"మీ మరిది కట్టకపోతే బ్యాంకు మిమ్ముల అడగొచ్చు అమ్మా. ముందుగాల ఆయన్నే అడగాల్నని లేదు. కోర్టుకు పోకుంటనే మీ ఇల్లు అమ్మి పైసలు పట్టుకోవచ్చు."

"నేను అండ్ల ఉండంగనే?"

"ఉండంగనే."

"నోటీసు ఎవలు తెస్తరు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాతోనే రాయించి, నన్నే పంపుతరు."

"ఇయ్యాల సంతకం పెట్ట" అని ఆమె లేచింది. మరిది కేకలేయలేదు. "మేడం, మీరసలు ఎవలి తరపు?" అని మాత్రం అడిగి ఆమె వెనకే వెళ్లిపోయాడు.

నేను ఆఫీసుకు చేరేలోపే మేనేజరు సార్‌కు ఫోన్ చేశాడు. సార్ కోప్పడలేదు. కోప్పడే ఓపిక ఆయనకు లేదు. "చదవొద్దని అంటలేనమ్మా. ముందురోజు పిలిచి చదువు. సంతకాల రోజు చదివితె బ్యాంకు ఇంకో లాయర్ను చూసుకుంటది" అన్నాడు. తలూపాను కానీ లోపల సంతోషంగా ఉంది. ఇన్నేళ్లకు ఒక మనిషికి పనికొచ్చాను, ఆమె ఇల్లు నిలబెట్టాను అనుకున్నాను.

వారం తిరగకముందే ఆమె ఒక్కతే మా ఆఫీసుకు వచ్చింది. సంతకం పెడతానంది.

"మా ఆయన దవాఖానల ఉన్నన్ని దినాలు గా మరిది పిల్లగాడే పక్కన పండుకున్నడు బిడ్డా, దుకాణం బందువెట్టుకోని. గిప్పుడు కాదంటె ఎట్ల?"

"ఇల్లు పోతే ఎట్ల అమ్మా?"

"పోతే పోతదని తెల్సింది గదా. మొన్నటిదాంక గదే తెల్వలే. పా, బ్యాంకుకు పోదాం."

నాకు కోపం వచ్చింది. అంత నోరు నొప్పించుకున్నది ఇందుకా అనిపించింది. ఆటోలో ఆమె కిరాయిదారు సంగతులు చెబుతూనే ఉంది, నేను ఊ కొట్టలేదు. బ్యాంకులో ప్రతి కాయితం దగ్గరా ఆగి, ఇది దేనికని అడిగి, తెలుసుకుని మరీ పెట్టింది. మేనేజరు రెండుసార్లు గడియారం చూశాడు. తొందరపెట్టవద్దన్నాను. ఆ మాట బ్యాంకులో నేను అనగలనని అప్పటిదాకా నాకే తెలియదు.

పని మానలేదు. ఇప్పుడు ముందురోజే పిలిచి చదువుతున్నాను. చాలామంది విని కూడా పెడతారు. కొందరు మాత్రం ఇంటికి పోయి ఆలోచించుకొని వస్తారు. ఆ గంటకు నాకెవరూ పైసా ఎక్కువ ఇవ్వరు, కళ్ల మంటా తగ్గలేదు. అయినా రోజు మొత్తంలో నాకు నచ్చేది ఆ గంటే.

ఆ మరిది కిస్తీ కట్టాడా అని నెలనెలా మేనేజరుకు ఫోన్ చేస్తాను. అది నా పని కాదు. "నీకెందుకమ్మా" అని విసుక్కుంటూనే చూసి చెబుతాడు. ఈసారి ఇంకా కట్టలేదన్నాడు. ఆఫీసులో తపాలా కట్ట వచ్చిన ప్రతిసారీ, ఆమె పేరు మీద నోటీసు రాయమని ఉందేమోనని ముందు నేనే విప్పాను. నిన్న కట్టాడట. ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలి, సార్ పిలుస్తున్నా వెంటనే లేవలేకపోయాను.