సీతాపతి మాస్టారి చివరి కుర్చీ

మా ముత్తాత జోగారావుగారు శ్రీకాకుళం ప్రాంతంలో మూడు గ్రామాల ఇనాందారు. తాతగారు నరసింగరావుగారు జంషెడ్‌పూర్ వచ్చి కూలీల గుత్తేదారుగా పేరు పొందారు. ఆయన చీటీ లేనిదే మన ప్రాంతపు మనిషికి కార్ఖానాలో పని దొరకదనేవారు. సీతారామ్‌డేరాలోని మా ఇంటి హాల్లో ఎనిమిది రోజ్‌వుడ్ కుర్చీలుండేవి. వాటిని తాకే సాహసం ఏ కూలీ చెయ్యలేదు. ఆ వంశానికి పెద్దదిక్కు, మా పెదనాన్న సీతాపతిరావుగారు కిందటి నెల జ్వరంతో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఈ వాక్యం రాయడానికి ఇంకా చెయ్యి సాగడం లేదు.

కాంట్రాక్టు కార్మికులకూ వాళ్ళ పిల్లలకూ ఆయన నలభై ఏళ్ళు ఆ హాల్లోనే ఉచితంగా ఇంగ్లీషు వ్యాకరణం చెప్పారు. పోటీ పరీక్షల్లో మనవాళ్ళని పడగొట్టేది కర్తకీ క్రియకీ పొంతన కుదరకపోవడమేనని ఆయన నమ్మకం. ‘న్యూస్’ చివర ‘ఎస్’ చూసి ‘ఈజ్’ బదులు ‘ఆర్’ రాసినవాడితో, “మనిషిని తలపాగా చూసి, మాటని తోక చూసి కొలవకూడదయ్యా” అనేవారు.

ఒకనాడు ‘పోలీస్’ పక్కన ఎప్పుడూ ‘ఆర్’ రాయాలని చెప్పారు. షిఫ్టు దిగి వచ్చిన కాంట్రాక్టు కూలీ పైడిరాజు లేచాడు.

“ఒక్కడే వత్తేనో మేష్టారూ?”

“అప్పుడు పోలీస్‌మాన్ అనవయ్యా.”

“మా బస్తీకి ఒక్కడెప్పుడొచ్చాడండీ? ఆళ్ళు గుంపుగానే వత్తారు!”

అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఆ పైడిరాజు గ్రీజు బట్టలతో తాతగారి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన నిలబడి చెప్తున్నారు. నేను ముఖం చిట్లించాను. “మరకే కదా, తుడుద్దాంలే. నువ్వూ వచ్చి కూర్చోరా” అన్నారు. నేను కూర్చోలేదు. ఆ రోజే కాదు, ఏనాడూ.

కుర్చీలు ఒక్కొక్కటీ శిష్యుల పరీక్ష ఫీజులకి వెళ్ళిపోయాయి. ఏడోదాన్ని రిక్షా ఎక్కిస్తుంటే నేను అడ్డం నిలబడి అరిచాను. ఆయన నిదానంగా, “ఫర్నిచర్ ఎనిమిదున్నా ‘ఈజ్’, ఒకటున్నా ‘ఈజే’రా. ఇంగ్లీషువాడికి పట్టని లెక్క నీకెందుకు?” అన్నారు. తాతగారు కూర్చున్న కుర్చీ ఒక్కటైనా ఉంచమని కాళ్ళు పట్టుకున్నాను. ఉంచారు.

ఆసుపత్రిలో మాట తడబడుతున్నా నన్ను దగ్గరికి పిలిచారు. “గౌరికి వచ్చే నెల పరీక్ష. మిగతావన్నీ వచ్చాయి. కత్తెర, అదే ‘సిజర్స్’ దగ్గర తడబడుతోంది. నువ్వు చెప్పు.” గౌరి పైడిరాజు కూతురు. నాకు రాదని ఆయనతో అనలేకపోయాను. తలూపాను. ఆయన నా మాట నమ్మే వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు దాటాక గౌరి గుమ్మంలో నిలబడింది.

“బాబుగారూ, మేష్టారు మిమ్మల్నడగమన్నారండి. కత్తెర ఒక్కటే కదా, ‘ఆర్’ ఎందుకొత్తాదండి?”

ఆయన నోటుపుస్తకం తెరిచాను. ‘సిజర్స్ ఆర్’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఎందుకో అందులో లేదు. అది ఆయన నోట్లో ఉండేది. పుటలు తిప్పుతూనే ఉన్నాను. ఆ పిల్ల ఓపిగ్గా చూస్తోంది.

“నాకు రాదమ్మా” అన్నాను. మా వంశంలో ఒకరు ఒక కూలీ బిడ్డ ముందు ఆ మాట అనడం అదే మొదలు.

“కోయీ బాత్ నహీ, పరవాలేదు బాబుగారూ” అంది. కూర్చోమన్నాను. “మేష్టారు నిలబడకుండా నేనెలా కూకుంటానండీ?” అని గోడకానుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆయన్ని పండితుడనో దాతనో పొగిడే అర్హత నాకు లేదు. పక్క గదిలోనే నలభై ఏళ్ళు వెలిగిన దీపానికి తలుపు వేసుకున్నవాణ్ణి. ఆ వెలుగు ఇక ఎవరిని అడిగినా దొరకదు. పెదనాన్నా, నీ పాదాలకి నమస్కారం. అది కూడా ఆలస్యంగానే.

బిష్టుపూర్ కోచింగ్ సెంటర్‌లో గౌరి పేరు నిన్న రాయించాను. తాతగారి కుర్చీ జుగ్సలాయి బజారులో అమ్మేశాను.